ముందుమనిషి

వీసా కేంద్రం మూడో గదిలో కొత్తగా పెళ్లయిన జంట ఇంకా టీ తాగుతూనే ఉన్నారు. వాళ్ల మనసుల అచ్చు తీసి యంత్రంలో పుట్టించిన ముందుమనుషులు మాత్రం అప్పటికే ఉత్తరద్వీపంలో విమానం దిగి, హోటల్లో సామాను పెట్టి, వీధుల్లో తిరుగుతున్నారు. సుభాషిణి గాజుపలక మీద వాళ్లను చూస్తూ వీసా ఇవ్వాలో వద్దో తేల్చే ఆ పూర్వయాత్ర వేగం పెంచింది. వారం రోజుల ప్రయాణం రెప్పపాటులో ముగిసింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ముగిసింది. అలా వందలసార్లు వెళ్లిన ఆ జంటలో భర్త ముందుమనిషి చాలాసార్లు తిరుగు విమానం ఎక్కలేదు.

"నిలుపు," అంది ద్వారపాలిక. అది ఉత్తరద్వీపం వాళ్ల యంత్రం. గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివే ఆడమనిషిది. తెలుగులో ఒక్క తప్పు దొర్లదు.

సుభాషిణి గదిలోకి వెళ్లి చెప్పింది. "వీసా రాలేదండీ. మీవారి ముందుమనిషి అక్కడే ఉండిపోతున్నారు."

"నేనా? నేనెందుకుంటానండీ! ఇక్కడ షాపుంది నాకు," అన్నాడతను.

భార్య కప్పు కింద పెట్టింది. "ఒక్కరే ఉండిపోతున్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. చేయని తప్పుకు సంజాయిషీ ఇచ్చుకుంటూ అతను భార్య వెనకాలే మెట్లు దిగిపోయాడు.

విశాఖ కేంద్రంలో చేరిన కొత్తలో ఇలాంటివి చూస్తే సుభాషిణికి జాలి కలిగేది. ఇప్పుడు కోపమొస్తోంది. ఎవరి మీద చూపించాలో తెలియక దాన్ని ఇంటికి మోసుకుపోయి గిన్నెల మీద చూపిస్తోంది.

తర్వాత వచ్చినావిడ పేరు గరికిన నూకరత్నం. అరవై దాటిన మనిషి. చెప్పకముందే కుర్చీలో సర్దుకుని కూర్చుని, మనసు అచ్చు తీసే టోపీ కోసం తల ముందుకు వంచింది.

"ఇంతకుముందు వచ్చారా అమ్మా?"

"నిరుడొచ్చేను తల్లీ. రాదని పంపేసేరు. ఈయేడు మళ్లీ ఒచ్చేను."

"అక్కడ ఏం చూడాలని వెళ్తున్నారు?"

"మంచు," అంది నూకరత్నం. "హార్బర్లో ఐసు కొట్టుకుని బతికినదాన్ని. ఫ్యాక్టరీ నుంచి దిమ్మలొచ్చేవి. కొట్టీడం, సేపల మీద పొయ్యడం. ఇన్నేళ్లూ అదే పని. ఎవులూ సెయ్యని ఐసు కొండంతుంటదంట గదా అక్కడ. అది కూడా కరిగిపోతందంట. ఓపాలి సూసేసి ఒచ్చేత్తాను."

"తప్పకుండా తిరిగి వస్తారా?" ఆ ప్రశ్న అడిగి తీరాలి.

"రాకేటి సేత్తాను? ఆ సలికి నానాగగల్నేటి?"

అచ్చు తీయడం ముగిసింది. నూకరత్నం కుర్చీలో ఉండగానే ఆమె ముందుమనిషి హిమానీనదం దగ్గర బస్సు దిగింది. తోటి ప్రయాణికులు ఫొటోలు తీసుకుని బస్సెక్కారు. ఆమె ఒక రాయి మీద కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. చీకటి పడేదాకా మంచును చూసి, తర్వాత రోడ్డు మీదకొచ్చి, చేతి సైగలతో దారి అడిగి, మర్నాటికి ఊరు చేరింది. వందల పూర్వయాత్రల్లో దాదాపు ప్రతిసారీ అదే జరిగింది. ప్రతిసారీ ఆమె చివరికి విమానమెక్కి విశాఖలో దిగింది.

"నిలుపు. ఆలస్య ప్రవృత్తి," అంది ద్వారపాలిక.

సుభాషిణి పలక మీద చెయ్యి అలాగే ఉంచింది. "ఆవిడ తిరిగొస్తోంది కదా! ఒక్కసారి కూడా ఉండిపోలేదు. బస్సు తప్పిపోతోంది, అంతే."

"పిలిచినప్పుడు కదలని వ్యక్తి సందర్శకుల వర్గంలోకి రారు. తదుపరి దరఖాస్తుదారును పంపండి."

"కాసేపు ఎక్కువ చూస్తే నేరమా?"

"తదుపరి దరఖాస్తుదారును పంపండి."

నూకరత్నం అంతా విన్నది. ఏడవలేదు. చీర చెంగుతో నుదురు తుడుచుకుంది.

"అయితే నానెల్లి సూసేనన్నమాట."

"మీరు కాదమ్మా. మీ ముందుమనిషి."

"దాన్నే ఓపాలి సూపించు తల్లీ. మంచెలాగుందో దాని మొకంలో సూసుకుంటాను."

పూర్వయాత్రను దరఖాస్తుదారుకు చూపించకూడదు. చూపిస్తే ఉద్యోగం పోతుంది. సుభాషిణి లేచి గది తలుపు మూసింది. గాజుపలకను ఆమెవైపు తిప్పి, నూకరత్నం పేరు పలికింది.

పలక మీద రెండు బొమ్మలు వచ్చాయి. ఒకదాంట్లో ఆమె రాయి మీద కూర్చుని ఉంది. రెండోదాంట్లో మంచు లేదు. పొడవాటి హోటల్ వరండా, దాని నిండా పొగ. జనం తలుపులవైపు పరుగెత్తుతున్నారు. పచ్చచీర కట్టుకున్న నూకరత్నం ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. పొగ ఆమెను చుట్టేసింది. దగ్గింది, మోకాళ్ల మీద పడింది, నేలకు ఒరిగింది. మరుక్షణం వరండా శుభ్రంగా ఉంది. ఆమె మళ్లీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మళ్లీ పొగ మొదలైంది.

"అది నిరుడు నాను కట్టుకొచ్చిన సీర," అంది నూకరత్నం. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదకు పోయింది. "ఏటిది? నానక్కడేటి సేత్తన్నాను?"

వీసా రాని ప్రతి ఒక్కరికీ సుభాషిణి ఒకే మాట చెబుతూ వచ్చింది, మీ ముందుమనిషిని తుడిచేస్తాం అని. శిక్షణలో అదే నేర్పారు. అదే నమ్మింది.

"ఇక్కడే ఉండండమ్మా," అని చెప్పి ఆమె కేంద్రం అధికారి ఫణీంద్ర గదికి వెళ్లింది. తలుపు తట్టలేదు.

"ముందుమనుషుల్ని తుడిచేయడం లేదు. మీకు తెలుసా సార్?"

ఫణీంద్ర తలెత్తాడు. "కూర్చోండి సుభాషిణి గారూ."

"తెలుసా అని అడుగుతున్నాను."

"తెలుసు. ఉత్తరద్వీపం వాళ్లు కట్టబోయే హోటళ్లలో, ఓడల్లో ముందుమనుషుల్ని ఉంచి ప్రమాదాలు పెట్టి చూస్తారు. ఎవరు ఎటు పరుగెత్తుతారో తెలియాలి కదా. మన దరఖాస్తుదారులు సంతకం పెట్టిన సమ్మతిలోనే ఉంది."

"నూకరత్నం గారు బస్సెక్కలేదని వీసా ఇవ్వలేదు!"

"అందుకే ఆవిడ ముందుమనిషి వాళ్లకు ముఖ్యం. అందరూ పరుగెత్తితే వాళ్లకేం తెలుస్తుంది? ఆగిపోయే మనిషిని కాపాడే దారి కట్టగలిగితే అందర్నీ కాపాడినట్టే."

"దానికి నొప్పి ఉంటుందా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నొప్పి లేకపోతే మనిషిలా నడుచుకోదు."

సుభాషిణి కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. దాన్ని ఎత్తి ఆ గాజు కిటికీకేసి కొట్టాలనిపించింది. "ఆపే దారి లేదా?"

"సొంతదారు స్వయంగా నోటితో అడిగితే అచ్చు తిరిగిచ్చేసి ముందుమనిషిని ఆపేయాలి. చట్టం అది. కానీ అడిగినవాళ్లు ఇక జన్మలో ఏ దేశానికీ దరఖాస్తు పెట్టుకోలేరు. అందుకే మేం చెప్పం, వాళ్లు అడగరు." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "నాదీ అక్కడే ఉంది. నేనూ అడగలేదు."

సుభాషిణి కుర్చీ వదిలేసింది. హాల్లోకి వచ్చింది. నిరీక్షించే జనంతో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. గోడ మీద ఉత్తరద్వీపం ప్రకటన తిరుగుతోంది. ఆమె దాన్ని ఆపేసి, మూడో గది పలక మీదున్న బొమ్మను గోడకు ఎక్కించింది. పొగ నిండిన వరండా హాలంతా పరుచుకుంది. నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఫణీంద్ర తనతో అన్నదంతా అందరికీ వినపడేలా ఆమెకు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. అడిగితే మంచు ఇక ఎప్పటికీ చూడలేరని కూడా చెప్పింది.

నూకరత్నం గోడ మీద తనను తాను చూసుకుంది. గోడ మీది ఆవిడ మళ్లీ మోకాళ్ల మీద పడింది.

"సచ్చినోల్లు!" అంది. "ఒద్దనేసి నన్ను తగలెడతన్నారా? ఏటనాల నాను? సెప్పు తల్లీ."

"'నా అచ్చు నాకిచ్చేయ్' అనండి."

నూకరత్నం నోరు తెరిచేలోపే ద్వారపాలిక మాట్లాడింది. "గరికిన నూకరత్నం గారూ. మీ దరఖాస్తు పునఃపరిశీలించాం. మీకు సందర్శక వీసా మంజూరైంది. దయచేసి ఉపసంహరణ కోరవద్దు."

హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చుకున్నారు. సుభాషిణి ఆమె చెయ్యి వదిలేసింది. వీసా తీసుకోవాలో వద్దో తాను చెప్పకూడదు.

నూకరత్నం గొంతు వచ్చిన వైపు తలెత్తింది. ముఖం ఎర్రబడింది. మంచు చూడొచ్చన్న మాట ఆమె లోపలికి దిగి, అక్కడ తిరగడం అందరికీ కనిపించింది.

"ఇందాక కదల్నన్నావు," అంది చివరికి. "ఇప్పుడెలాగ కదుల్తానో? నాను మారేనా, నీకు పనిపడిందా?"

"మీకు వీసా మంజూరైంది," అంది ద్వారపాలిక.

"నీ వీసా నీ కాడే ఉంచుకో. నా అచ్చు నాకిచ్చెయ్. నిరుటిదీ, ఇవాల్టిదీ, రెండూను."

గోడ మీది వరండాలో కిటికీ దగ్గర ఎవరూ లేరు. పొగ వచ్చింది. ఆగిపోయింది. పరుగెత్తుతున్న జనం ఎటు పోవాలో తెలియనట్టు ఒక్కొక్కరే నిలబడిపోయారు. తర్వాత వరండా కూడా లేదు. తెల్లగోడ మిగిలింది.

నూకరత్నం గోడవారగా కూలబడి, అప్పుడు ఏడ్చింది.

"నిరీక్షిస్తున్న వారందరికీ మనవి," ద్వారపాలిక వేగంగా చెప్పసాగింది. "గతంలో నిలుపుదల చేసిన దరఖాస్తులను సానుభూతితో పునఃపరిశీలిస్తాం. దయచేసి మీ స్థానాల్లో ఉండండి."

ముందువరసలోంచి ఒక నడివయసు మనిషి లేచి సుభాషిణి దగ్గరికి వచ్చాడు. "నాది రెండుసార్లు కాదన్నారు మేడమ్. ఇప్పుడిస్తానంటోంది కదా. తీసుకుంటే తప్పా?"

"తప్పేం లేదు. మీ ఇష్టం."

"నా ముందుమనిషి కూడా ఇలాగే ఎక్కడో కాలుతోందా?"

"పేరు చెబితే చూపిస్తాను."

అతను గోడవైపు చూశాడు. వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఫణీంద్ర తన గది తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఆపమని అనలేదు.

"వద్దండీ, చూడలేను," అన్నాడు ఆ మనిషి. "ముందు నన్ను అక్కణ్ణించి బయటికి తీయండి."