సామాన్ల గదిలో అమ్మ భాష

ఆ పిల్ల తల్లిది వేరే దేశం. తండ్రి లారీ ఎక్కితే వారం పది రోజులకు గానీ ఇల్లు చేరడు. బడిలో అందరూ ఆమెను "సగం పిల్ల" అనేవాళ్ళు. జుట్టు పట్టి లాగడం, మెట్ల మీంచి తోసెయ్యడం మామూలైపోయింది. కొన్నాళ్ళుగా ఆమెకు ముద్ద దిగడం లేదు. ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేది. తల్లి అడిగితే కడుపునొప్పి అనేది.

ఉన్నదల్లా గువ్వ ఒక్కతే. పక్కన కూర్చునే నేస్తానికి తను ముద్దుగా పెట్టుకున్న పేరది. అమ్మ తన భాషలో తనను పిలిచే ముద్దుపేరును, ఒట్టు వేయించుకుని మరీ, గువ్వకు చెప్పింది. మర్నాటికల్లా క్లాసంతా ఆ పేరును మేకల్లా అరిచింది.

తను చెప్పలేదంది గువ్వ. బడి వదిలాక, మాట్లాడుకుందాం రమ్మని ఆటసామాన్ల గదికి తీసుకెళ్ళింది. సగం పిల్ల లోపల అడుగుపెట్టగానే వెనక గడియ పడింది. బయట నవ్వులు. అందులో గువ్వ నవ్వు వేరుగా తెలిసిపోయింది.

తలుపు బాదింది. వాన హోరులో ఎవరికి వినిపిస్తుంది? కిటికీ లేని గది. చెమ్మపట్టిన పరుపుల వాసన, పాత బంతుల రబ్బరు వాసన. కాసేపటికి వాటి మధ్య ఇంకోటి... చాన్నాళ్ళుగా విప్పని జడ వాసన.

మూల నుంచి ఎవరో ఆమెను ముద్దుపేరుతో పిలిచారు. మేకలా కాదు. అచ్చం అమ్మ పలికినట్టే.

"అమ్మా?"

"కాదు." అమ్మ భాషే. చిన్నపిల్ల గొంతు. "నన్నూ నేస్తమే తెచ్చింది."

 చల్లటి ఊపిరి చెవికి తగిలింది.

"నా చోట... నీ నేస్తాన్ని ఉంచనా?"

తలుపు దాకా వెనక్కి జరిగింది. కానీ ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఊఁ," అంది.

గడియ చప్పుడైంది. కాపలా తాత టార్చి వేశాడు. మూలన పరుపులే. ఎవరూ లేరు.  ఆయన గొడుగు పట్టి ఇంటిదాకా దింపి వెళ్ళాడు.

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. బల్ల దగ్గర గువ్వ కూర్చుని ఉంది. అమ్మ భాషలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఆ భాషలో గువ్వకు ఒక్క ముక్క రాదు.

"నీ నేస్తానికి మన మాటలొచ్చని చెప్పనేలేదేమే?" అమ్మ మొహం వెలిగిపోతోంది. "రాత్రికి నీ పక్కనే పడుకుంటుందట. సరేనన్నాను."

గువ్వ తల తిప్పింది. రెప్ప వెయ్యలేదు.

"ఇంట్లో చెప్పొచ్చావా అంటే," అమ్మ మురిసిపోతూ అంది, "ఏ ఇల్లు అంటోంది, చిలిపిది."