ఇరవై అయిదు గళ్ల మడి

"అన్నా, ఇది ఊగుతున్నది," అంది ఆ అమ్మాయి, ప్లాస్టిక్ అచ్చును గాజు కౌంటర్ మీద పెట్టి వేలితో నొక్కుతూ.

అచ్చు నిజంగానే ఊగింది. కానీ చక్రధర్ మనసు చివుక్కుమన్నది అందుకు కాదు, 'అన్నా' అన్నందుకు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో త్రీడీ ప్రింటింగ్ షాపు పెట్టి ఏడాదైంది. వచ్చినవాళ్లంతా అన్నా అనే పిలుస్తారు. ఈ ఒక్క పిల్ల పిలవకుంటే ఏం పోయిందని అతనికి అనిపించింది.

ఆమె పేరు అనిల. ఎల్లారెడ్డిలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్. నాయనమ్మ చంద్రవ్వ బీడీలు చుడుతుంది. తునికాకు మీద పెట్టి కొలతకు కత్తిరించే ఇనుప అచ్చు బరువుకు ముసలావిడ మణికట్టు నొస్తోందని, అదే కొలతలో తేలికైనది అనిల ఇక్కడ చేయించింది. అచ్చు ఊగితే ఆకు వంకర, ఆకు వంకరైతే బీడీలు వాపస్.

తప్పు తనది కాదు, మెషిన్‌లో అచ్చు తయారయ్యే పలక, అంటే బెడ్డు, ఎగుడుదిగుడుగా ఉందని చక్రధర్ చెప్పుకున్నాడు. మెషిన్ ఆ బెడ్డును ఇరవై అయిదు చోట్ల తాకి, ఎత్తు కొలిచి అంకెలు ఇస్తుంది. అవి చూస్తే అతనికి తల తిరుగుతుంది.

"ఎక్సెల్ల ఎయ్యలేదా?" అంది అనిల, స్నానం చెయ్యలేదా అని అడిగినట్టు.

ఆ సాయంత్రం అంకెలన్నీ వాట్సాప్‌లో పంపాడు. పది నిమిషాల్లో అయిదు వరుసల గళ్లై తిరిగొచ్చాయి. ఎత్తుంటే ఎరుపు, పల్లమైతే నీలం, సమంగా ఉంటే తెలుపు. బెడ్డు కింద నాలుగు మూలలా నాలుగు స్క్రూలున్నాయి. ఎరుపు మూల స్క్రూ దించమని ఆమె రాసింది. అతను దించి, మళ్లీ కొలిచి, మళ్లీ పంపాడు.

అట్లా అయిదు రోజులు. అంకెల కింద మెల్లగా 'తిన్నవా' వచ్చి చేరింది, తర్వాత మిల్లు మేనేజర్ మీద చాడీలు. మూడో రోజు మెసేజ్‌లో 'అన్నా' లేదు. చక్రధర్ అంకెల కంటే ముందు అదే చూసుకున్నాడు.

గురువారం షీటు మొత్తం తెల్లబడింది. శుక్రవారం పొద్దున్నే కొత్తగా తయారైన అచ్చు తీసి నొక్కి చూశాడు. ఊగలేదు. ఇది ఇచ్చేస్తే అంతే, ఇక ఏ వంకతో అంకెలు పంపాలి? అచ్చును సొరుగులో దాచి, వెనక మూల స్క్రూ ఒక్క చుట్టు తిప్పి, మళ్లీ కొలిచాడు. 'మల్ల లేసింది' అని మెసేజ్ పెట్టాడు, పాపం ఏమీ ఎరగనివాడిలా.

సాయంత్రం పొలం నుంచి వచ్చిన అనిల తండ్రి హన్మండ్లు, కూతురి ఫోన్లోకి తొంగిచూసి, ఇది ఎవరి మడి అని అడిగాడు. ఎరుపంటే మిట్ట అని ఆమె ఒక్క ముక్క చెప్పింది. నలభై ఏళ్లు నాట్లకు మడి సాపు చేసిన మనిషికి మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. నిన్నటి షీటూ ఇవాళ్టిదీ రెండుసార్లు జరిపి చూశాడు.

"నిన్న సాపుగున్నది. ఇయ్యాల ఒక్క మూలనే లేసింది. ఇది వానకు అయింది గాదు బిడ్డా, ఎవడో కావాల్నని మట్టి పోసిండు."

మట్టి కాదు, స్క్రూ అని అనిలకు వెంటనే అర్థమైంది.

శనివారం సన్నటి తుంపరలో తండ్రీకూతుళ్లు షాపు మెట్లెక్కారు.

"మా అవ్వ చెయ్యి నొస్తుంటే, నువ్వు స్క్రూ తిప్పుకుంట కూసున్నవా?" అంది అనిల.

చక్రధర్ సొరుగు లాగి అచ్చు బయట పెట్టాడు.

"నిన్ననే అయింది. ఇది ఇస్తే నువ్వు మల్ల మెసేజ్ పెట్టవని భయమైంది. నువ్వంటే నాకిష్టం అనిలా. అవ్వ చెయ్యి యాదికి రాలే. అది తప్పే."

అంతా అనేశాక గాని, ఎదురుగా ఆమె తండ్రి ఉన్నాడని గుర్తు రాలేదు.

హన్మండ్లు అతని వంక చూడలేదు. అచ్చు నాలుగు మూలలూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"మడి సాపు చేసేటోళ్లనే చూసిన ఇన్నొద్దులు. పిల్ల కోసం మిట్ట పోసేటోన్ని ఇప్పుడే చూస్తున్న," అన్నాడు. "బస్సు అర్ధగంటకున్నది. మా అవ్వకు నువ్వే ఇయ్యి, తప్పు గూడ నువ్వే ఒప్పుకో. ఆమె ఏమంటే అదే."

చక్రధర్ షట్టర్ మీద చెయ్యి వేశాడు. అనిల ఆపింది. ముందు ఆ స్క్రూ దించమంది. మెషిన్ మళ్లీ కొలిచి, షీటు తెల్లబడిందాకా కదలలేదు. అప్పుడు మాత్రం ముఖం తిప్పుకొని నవ్వింది.

ఎల్లారెడ్డిలో చంద్రవ్వ కొత్త అచ్చుతో పది ఆకులు కత్తిరించి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. స్క్రూ కథంతా విన్నది. ఒళ్లోని బీడీల చేట పక్కకు పెట్టి, చక్రధర్‌ను ఒకటే అడిగింది.

"మీ బాపు పిల్లనడుగ ఎప్పుడొస్తడు?"