తవ్వి చూడని వాన

"ఎన్ని మిల్లీమీటర్లు పడిందండీ?" అని అడిగింది జయంతి.

"మిల్లీమీటర్లు నాకేం తెలుసు మేడమ్? పదును వాన పడినాది. రాసుకోండి" అన్నాడు ఫోనులో అవతలి యువకుడు.

"పదును అంటే కంప్యూటర్ తీసుకోదు. అంకె చెప్పల్ల."

"అట్లయితే ఆ కంప్యూటర్‌ని మా చేనికాడికి పంపీండి. మట్టిలో చెయ్యి పెట్టి అదే చూసుకుంటాది."

"మీ పేరేమిటో?"

"ఓబిలేష్. గార్లదిన్నె మండలం. నా మీద కోపమొస్తే అది కూడా రాసుకోండి. అంకె కావాలంటే పదికి పది."

ఫోను పెట్టేశాక కోపం రావలసిన చోట జయంతికి నవ్వు వచ్చింది. ఆ వారమే ఆమె ప్రోగ్రామును మార్చింది. వాన గడిలో ఇప్పుడు అంకెకు బదులు జల్లు, పదును, వంక పారింది అన్న మూడు మాటలు కనిపించసాగాయి.

మార్చే హక్కు ఆమెకు ఉంది. బెంగుళూరులో కొందరు ఇంజనీర్లు 'చినుకు' అనే ఆ ప్రోగ్రామును రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అంటూ కోడుతో సహా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఏ ఊళ్లో ఎంత వాన పడిందో ఆ ఊరివాళ్లే చెబితే, లోకమంతటికీ కనిపించే సైటు అది. కొంతకాలానికి వాళ్ల ఉత్సాహం ఇంకిపోయింది, సర్వర్ ఆపేశారు. అనంతపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే జయంతి ఆ కోడును దించుకొని, కమలానగర్‌లో తాను అద్దెకున్న మేడగదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా చేసి, కరెంటు పోయినా ఆగకుండా దానికొక ట్రాక్టర్ బ్యాటరీ అమర్చింది. ఊరికి ఇద్దరు చొప్పున వాలంటీర్లు చేరారు. జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు. వాన తప్ప వేరే వార్త లేదు.

కానీ ఆ వార్త చిన్నది కాదు. సేద్యం లేక బెంగుళూరు కట్టడాల్లో పనికి వెళ్లినవాళ్లు అక్కడి ఇంటర్నెట్ సెంటర్లలో ఆ సైటు చూపించుకునేవారు. సొంత ఊరి ఎదుట 'పదును' అని, అంటే విత్తడానికి సరిపడా నేల తడిసిందని, కనిపిస్తే తట్టా బుట్టా సర్దుకొని బయలుదేరేవారు. నేల తడి ఆరిపోయేలోపు వేరుశనగ విత్తనం పడాలి. అందుకే జయంతి కఠినమైన నియమం పెట్టింది: చేను తవ్వి తడి చూసినవాడే చెప్పాలి, అదే ఊళ్లో రెండో వాలంటీరుకు తాను ఫోను చేసి, ఔనన్నాకే ఎక్కించాలి.

ఓబిలేష్ ఊళ్లో ఆ రెండో మనిషి మారెక్క. గొర్రెలు కాస్తుంది, ఎవరినీ నమ్మదు.

"వాడు చెప్పినాడంటే సగం నిజమే పాపా" అనేది మారెక్క. "మిగతా సగం నీతో మాట్లాడేదానికి చెప్తాడు."

అది నిజమని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చుక్క రాలని రోజుల్లో కూడా ఫోను వచ్చేది.

"ఈ పొద్దు వాన లేదు మేడమ్."

"లేనిదానికి ఫోను ఎందుకప్పా?"

"లేదని ఖాయం చేసుకోవల్ల గదా. రేపు కూడా చేస్తా. ఎల్లుండి నేనే వచ్చి బ్యాటరీలో నీళ్లు చూస్తా."

"బ్యాటరీ బాగానే ఉండాది."

"అది నువ్వు తవ్వి చూసినావా?"

మీరు నువ్వుగా మారిన తొలి క్షణాన్ని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఉండిపోయారు. అతడు మేడగదికి రావడం మొదలుపెట్టాడు. బ్యాటరీ నీళ్లు కొలిచే పని గంటలు పట్టేది. జయంతి టీ పెట్టేది. ఆ టీలో చక్కెర లేదని అతడు గొణిగేవాడు. రెండుసార్లు గొణిగాక ఆమె చక్కెర డబ్బానే అతని ముందు పెట్టింది.

2006 జూలైలో ఒక సాయంత్రం వారిద్దరూ మేడ మీద నిలబడి ఉన్నారు. ఉత్తరాన గార్లదిన్నె దిక్కున ఆకాశం నల్లబడి, నేలదాకా బూడిదరంగు తెర దించినట్టు వాన జారుతోంది. గాలిలో తడిమట్టి వాసన తేలింది. జయంతి కొంగు ఎగిరి అతని చేతిని తాకింది. ఆమె దాన్ని వెంటనే లాక్కోలేదు.

"మా చేన్ల మీదే పడతాండాది" అన్నాడు ఓబిలేష్. "పదును ఖాయం. ఎక్కించు."

"తవ్వి చూడలేదు."

"కండ్లకు కనపడతాంటే ఇంకేం తవ్వల్ల? ఇప్పుడు బస్సెక్కి పొమ్మంటే పోతా. పొమ్మంటావా?"

ఆమె పొమ్మనలేదు.

మారెక్కకు ఫోను చేయాలని చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. చేస్తే మారెక్క అడిగే మొదటి మాట "ఓబిలేష్ యాడుండాడు?" అనే. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెబితే గొర్రెలతోపాటు ఆ కబురు కూడా ఊరంతా తిరిగి వస్తుంది. జయంతి గదిలోకి వెళ్లి, ఆ ఊరి పేరు ఎదుట 'పదును' అని ఎక్కించింది. తరువాత ఇద్దరూ వానను చూస్తూ నిలబడ్డారు.

ఆ వాన ఊరి పక్క కొండకు అవతలే పడింది. ఇవతల ఓబిలేష్ ఊరిలో దుమ్ము కూడా అణగలేదు.

మూడో రోజు ఎర్రిస్వామి మేడ మెట్లెక్కి వచ్చాడు. బెంగుళూరులో గోడలు కట్టే మేస్త్రీ. ఓబిలేష్‌కు వరసకు అన్న. సైటు చూసిన ఎర్రిస్వామి మాట మీద నాలుగు కుటుంబాలు పని వదిలి, పిల్లలతో సహా ఊరికి వచ్చాయి. వాళ్ల చోట్లో కంట్రాక్టరు అప్పుడే వేరేవాళ్లను పెట్టుకున్నాడు. ఓబిలేష్ కూడా గదిలోనే ఉన్నాడు. జయంతి ఇచ్చిన నీళ్లను ఎర్రిస్వామి తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"తవ్వి చూసింది ఎవురమ్మా?"

ఓబిలేష్ బ్యాటరీ వైపు చూస్తున్నాడు.

"ఎవరూ తవ్వలేదన్నా" అంది జయంతి.

"వాన పడకుంటే దేవుణ్ణి తిట్టుకుంటాం. అది మాకు అలవాటే." ఎర్రిస్వామి గొంతు పెంచలేదు. "ఈ పొద్దు ఎవుర్ని తిట్టల్లో అడిగి పోదామని వచ్చినా."

నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగాక ఓబిలేష్ నెమ్మదిగా అన్నాడు. "ఆ మాట తీసెయ్ జయంతీ. కరెంటు ఎక్కువ తక్కువై కంప్యూటర్ తప్పు చూపించిందని రాద్దాం. సైటు బతకల్ల గదా."

"సైటు కోసమా, మనకోసమా?"

"రెండూ ఒకటే గదా."

"కాదు. దీన్ని రాసి, మూసేసి పోయినోళ్లు కూడా మనకన్నా నయం. వాళ్లు లేదన్నారు, లేకుండా పోయినారు. అబద్ధం చెప్పలేదు."

"ఒక్క తప్పుకి ఇంతనా?"

"తప్పు ఇద్దరిదీ. తవ్వకుండా చెప్పింది నువ్వు, అడగకుండా ఎక్కించింది నేను. ఎందుకు అడగలేదో తెలుసా? నువ్వంటే ఇష్టం కాబట్టి. ఈ మాట ఇట్ల చెప్పల్సి వస్తాదని అనుకోలేదు."

అతడు ఏడాదిగా వినాలని తిరిగిన మాట అది.

"అయితే ఇంకేం?" అన్నాడు.

"ఇంకేం లేదు. నువ్వు చెప్పింది మళ్లీ ఎట్ల నమ్మల్ల? ఈ పొద్దు కూడా కంప్యూటర్ మీద తోస్తాండావు."

ఆ సాయంత్రమే సైటు తెరవగానే కనిపించేటట్టు ఒక ప్రకటన ఎక్కించింది: ఆ ఊరి పదును తవ్వి చూసింది కాదు, తప్పు జయంతిది, ఓబిలేష్‌ది. తన పేరు ఒక్కటే పెట్టమని ఓబిలేష్ ఫోనులో బతిమాలాడు. అది కూడా నిజం కాదని ఆమె ఒప్పుకోలేదు. ఆ వానాకాలంలో ఫోన్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఓబిలేష్ రావడం మానేశాడు. ఎర్రిస్వామి ఇంటివాళ్లు మళ్లీ బెంగుళూరు బస్సెక్కారు. పాత చోట పని దొరకలేదని మారెక్క చెప్పింది.

ధర్మవరంలో మగ్గం నేసే జయంతి తండ్రి చౌడప్పకు వాళ్లిద్దరి సంగతి ఆలస్యంగా తెలిసింది. "పిల్లోడు మంచోడే అంటాండారు. వాళ్లొచ్చి అడిగితే నేను కాదనను పాపా" అన్నాడు.

"నువ్వు కాదనవు నాయనా. కాదన్నది నేను."

ఆయన తెగిన పోగుకు ముడి వేసుకున్నాడు.

మరుసటి సంవత్సరం జూన్‌లో ఒక ఉదయం ఫోను మోగింది.

"మేడమ్, పదును వాన. మా చేను, దిగువ చేను, మారెక్క చేను, మూడూ తవ్వి చూసినా. జానెడు తడి దిగినాది." చేతుల మట్టి ఇంకా దులుపుకోకుండానే, ఆయాసపడుతూ చెప్పాడు ఓబిలేష్.

"సరేనండి. రాసుకుంటా."

"బాగుండావా?"

"బాగున్నా. ఉంటానండి."

లైను తెగింది. అతడు చేను గట్టు మీద కూర్చున్నాడు. కాళ్ల కింద నేల మెత్తగా, నల్లగా తడిసి ఉంది. సంవత్సరం పాటు కూడబెట్టుకున్న మాట ఒకటి చెప్పనే లేదు. చెప్పేద్దామని వెంటనే మళ్లీ ఆమె నంబరు నొక్కాడు. ఎంగేజ్.

కొంచెం ఆగి మళ్లీ నొక్కాడు. ఎంగేజ్.

తల ఎత్తి చూస్తే, వంకకు అవతల గొర్రెల మధ్య నిలబడి మారెక్క చెవికి ఫోను ఆనించుకొని ఉంది. మాట్లాడుతూనే వంగి, కట్టెతో నేల తవ్వుతోంది.

ఓబిలేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.