కాలర్ బోన్ దాటిన నీడ

"గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి," అన్నాను.

"ఎప్పుడో బిగబట్టాను. మీ మిషనుకే బద్ధకంలా ఉంది," అందామె, ఆ బిగబట్టిన ఊపిరంతా వదిలేసి.

"మాట్లాడితే వదిలేసినట్టేనండి."

"మాట్లాడించిందెవరండీ?"

నా పేరు ప్రేమ్ కిరణ్. తిరువూరు బస్టాండు పక్క సందులో స్కానింగ్ సెంటర్. అక్కడ ఆరేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు ఎదురు చెప్పిన మొదటి పేషెంటు ఈమే. నిజానికి పేషెంటు కూడా కాదు. పేరు షైని, ఊరు గంపలగూడెం. ఓ రెసిడెన్షియల్ స్కూల్లో సైన్సు టీచరుగా సోమవారం చేరాలి. చేరాలంటే ఛాతీ ఎక్స్‌రే, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. షేర్ ఆటోలో వానకు తడిసి వచ్చి, జడ కుడి భుజం మీంచి ముందుకు వేసుకుని నీళ్లు పిండుకుంటూనే లోపలికి నడిచింది.

గొలుసు తీయమన్నాను, తీసింది. పిన్నీసులు తీయమన్నాను, తీసింది. రెండోసారి బుద్ధిగా ఊపిరి బిగబట్టింది. నేను నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే బటన్ నొక్కాను.

మర్నాడు ఆమె ఫోనుకి రిపోర్టు వెళ్లింది. మా ఫిల్ములు చూసే డాక్టరుగారు విజయవాడలో ఉంటారు. ఆయన చూసేది ఫిల్మునే, మనిషిని కాదు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ ఉంది, టీబీ పరీక్ష చేయించాలి అని రాశారు.

శనివారం పొద్దున్నే షైని మళ్లీ వచ్చింది. వెనకాల వాళ్ల నాన్న జోజిబాబుగారు, చేతిలో ఫిల్ము కవరుతో. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"దగ్గు లేదు, జ్వరం లేదు. నాకు టీబీ ఏంటండీ? నిన్నట్నుంచి ఇంట్లో నా గ్లాసు, కంచం వేరే పెట్టారు. మా అమ్మ ఏడుస్తానే ఉంది. ఎల్లుండి స్కూల్లో ఏం చెప్పుకోను?"

ఫిల్ము లైటు బాక్సు మీద పెట్టాను. నీడ ఉన్న మాట నిజమే. కింది నుంచి పైకి దాని వెంటే చూసుకుంటూ వెళ్లేసరికి మాత్రం నాకు కొండంత ధైర్యం వచ్చింది.

"ఇటు రండి. ఇది కాలర్ బోన్. ఊపిరితిత్తి దీనికి కొంచెం పైదాకా ఉండి అయిపోద్ది. ఈ నీడ ఆగిందా? మెడదాకా ఎక్కిపోయింది. ఊపిరితిత్తిలో ఉన్నదానికి మెడలో పనేంటండీ?"

సైన్సు టీచరు కదా, కళ్లు చిన్నవి చేసుకుని దగ్గరగా చూసింది.

"ఇందులో అల్లిక కనపడతా ఉంది... ఇది నా జడ!"

"తడి జడ కాబట్టి ఇంత తెల్లగా పడింది. అసలు పైకి ముడేయించి తీయాలి."

"ఆ మాట అప్పుడే చెప్పాలి కదా! ధ్యాస ఎక్కడ పెట్టి తీశారు?"

తప్పు మిషను మీదకి నెట్టేయొచ్చు. జోజిబాబుగారు నన్నే చూస్తున్నారు.

"మీ మీద పెట్టి తీశానండి," అనేశాను. "మీ మాటలకి నవ్వుకుంటా జడ సంగతి మర్చిపోయాను. తప్పు నాదే. మీరు నాకు నచ్చారు, అది మాత్రం తప్పనుకోవట్లేదు."

షైని చెవులు ఎర్రబడ్డాయి. జోజిబాబుగారికి దగ్గొచ్చింది. అది ఎక్స్‌రే అవసరం లేని దగ్గని నాకు అర్థమైంది.

వాళ్ల ముందే డాక్టరుగారికి ఫోన్ చేసి, "సార్, పొరపాటు నాదండి" అని జరిగిందంతా చెప్పాను. ఆయన పెట్టిన చివాట్లు ముగ్గురం విన్నాం. షైని జడ నడినెత్తిన ముడేసుకుంది. మళ్లీ తీసి పంపాను. అరగంటలో కొత్త రిపోర్టు వచ్చింది. రెండు ఊపిరితిత్తులూ శుభ్రంగా ఉన్నాయి.

షైని రిపోర్టు రెండుసార్లు చదివి, వాళ్లమ్మకు ఫోన్ చేసి నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత నాన్నను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, మీ నాన్నగారి నంబరు చెప్పు."

"కంప్లైంట్ ఇవ్వాలంటే డాక్టరుగారి నంబరిస్తానండి. ఇంటిదాకా ఎందుకు?" అన్నాను భయంగా.

"డాక్టరుగారి నంబరు రిపోర్టు మీదే ఉందండి," అంది షైని వెనక నుంచి. "మీ నాన్నగారిది అడగమంది నేను."