ఆర్తిమాపకం

అంగారకుడి మీద ధూళి తుఫాను లేచి మూడు గంటలైంది. మంచు మోసే లారీలు ఎక్కడివక్కడే చిక్కుకుపోయాయి. కంట్రోల్ రూములో రేడియోలు ఒకదాని మీద ఒకటి మోగుతున్నా ఎవరూ కంగారు పడటం లేదు. ఏ కేకకు ముందు సహాయ వాహనం పంపాలో ఆర్తిమాపకం అనే యంత్రమే తేలుస్తోంది.

దాన్ని తయారుచేసిన వైదేహి తెర ముందు కూర్చుని ఉంది. డ్రైవరు రేడియో మీట నొక్కి మాట్లాడగానే ఆ గొంతులోని వణుకునూ, ఊపిరి వేగాన్నీ యంత్రం కొలిచి, నూటికి ఇంత అని అంకె వేస్తుంది. పెద్ద అంకెకు ముందు సాయం. ఒకప్పుడు ఆపరేటర్లు తమవాళ్లకే బండ్లు పంపుకోవడంతో కొందరి ప్రాణాలు పోయాయి. అందుకే యంత్రం నిర్ణయాన్ని ఎవరూ, చివరికి తాను కూడా, మార్చలేకుండా చేసింది వైదేహి.

తొంభై ఎనిమిది అంకె వచ్చిన లారీ దగ్గరికి మొదటి వాహనం చేరింది. ఆ సహాయ వాహనం డ్రైవరు రషీద్ రేడియోలో పలికాడు.

"మేడమ్, ఇక్కడ చక్రం ఇసుకలో దిగబడింది, అంతే. పదకొండు గంటలకు సరిపడా గాలుంది."

"మరి చచ్చిపోతున్నామని వాళ్లు అరిచారే?"

"అలా అరవకపోతే బండి రాదని లారీ షెడ్లలో నేర్పిస్తున్నారంట మేడమ్."

మరి అరవని వాళ్ల గతేమిటి? వైదేహి గబగబా తెర మీది జాబితా అడుగుకు వెళ్లింది. నలభై రెండో నంబరు లారీ, డ్రైవరు తవిటయ్య, అంకె పదకొండు. లైను కలిపింది.

"బండి తిరగబడిపోనాదమ్మా," అన్నాడతను తాపీగా. "గాలి సిలిండరు పగిలిపోనాది. ఉన్న గాలి ఇంకో నలభై నిమిషాలొస్తాది. కాళీ బండేదైనా ఉంటే పంపండి."

"తవిటయ్యగారూ, గట్టిగా అరవండి! అరిస్తేనే యంత్రం బండి పంపుతుంది."

అతను గొంతు తగ్గించాడు. "పక్కన మా అమ్మాయుందమ్మా. నానరిస్తే అది బెదిరిపోద్ది. బెదిరితే ఊపిరెక్కువ తీస్తాది. ఉన్న గాలి కాస్తా అయిపోద్ది."

వైదేహి తెర వైపు చూసింది. ఆ దిక్కున ఉన్నది ఒకే ఒక్క వాహనం. తొంభై మూడు అంకె వచ్చిన పదిహేడో నంబరు లారీకి వెళ్తోంది.

"మీ రేడియో సౌండు పూర్తిగా తగ్గించేయండి," అని అతనికి చెప్పి, తన మైకును అతని లైనుకు కలిపి గొంతు చించుకుని అరిచింది వైదేహి. మొదటి కేక నటన. రెండోది కాదు. నలభై రెండు పక్కన అంకె తొంభై ఆరుకు ఎగబాకింది. సహాయ వాహనం దారి మళ్లింది.

ఇరవై ఐదు నిమిషాలకు తండ్రీకూతుళ్లిద్దరూ బతికి బయటపడ్డారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

వైదేహి మాత్రం పదిహేడో నంబరు లైను అందుకుంది. వీళ్లదీ దొంగ కేకే అయివుంటుందని ఆమె నమ్మకం. ఆ మాట వాళ్ల నోటితోనే వినాలనుకుంది.

"పదిహేడు, నిజం చెప్పండి. మీ దగ్గర ఎంత గాలుంది?"

ఒక ఆడగొంతు నింపాదిగా పలికింది.

"ఇందాక అరిచాం కదండీ. ఇప్పుడిక అరిచేంత గాలి లేదు."

తెర మీద పదిహేడు పక్కన అంకె తొమ్మిదికి పడిపోయింది.