ఓడిన్ వేషం కట్టినవాడు

మొదటి రిహార్సల్లోనే ఉదయ్‌కీ భవానికీ చెడింది.

హనుమకొండలోని వాళ్ళ కాలేజీ ఆ ఏడు వార్షికోత్సవానికి ఉత్తర ఐరోపా వాళ్ళ నార్స్ పురాణగాథను నాటకంగా వేస్తోంది. దేవతల రాజు ఓడిన్ చనిపోయిన జోస్యురాలిని లేపి లోకం గతి ఏమిటని అడుగుతాడు. సూర్యుడు నల్లబడతాడనీ, నేల సముద్రంలో మునుగుతుందనీ, ఫెన్రిర్ అనే తోడేలు నిన్నే మింగేస్తుందనీ ఆమె చెప్పేస్తుంది. ఓడిన్ ఉదయ్. జోస్యురాలు భవాని.

దేవుడు ఓడిపోతే చప్పట్లెవరు కొడతారు, చివర్లో తోడేలునే చంపేద్దామని ఉదయ్ పట్టుబట్టాడు. భవాని స్క్రిప్టు మూసి అతని వైపు చూసింది.

"సస్తనని ఎర్కుండి గూడ యుద్ధానికి పోతాండు. గదే ఆయన గొప్ప. గది తీసేస్తే ఇంకేం మిగుల్తది?"

ఉదయ్ స్క్రిప్టు తీసుకుని ఆ చివరి సీను మళ్ళీ చదివాడు. మర్నాటి నుంచి ఆమెతో వాదించడానికే ముందుగా రావడం మొదలుపెట్టాడు. వాదనలు క్యాంటీన్ చాయ్ దాకా, అక్కణ్ణుంచి భద్రకాళి చెరువు గట్టు దాకా సాగాయి.

నాటకం అయిన సాయంత్రం వాన పట్టుకుంది. వరండాలో నిలబడి, తడిసిన పెట్టుడు గడ్డం ఇంకా తీయకుండానే ఉదయ్ తన మనసులో మాట చెప్పాడు. భవాని నవ్వబోయి ఆగిపోయింది. తనను కట్టుకున్నవాడు ఎక్కువకాలం బతకడని చిన్నప్పుడే ఓ జ్యోతిష్కుడు చెప్పాడట. కుదిరిన సంబంధం ఒకటి అందుకే తప్పిపోయిందట.

"నీకేమన్న అయితే నేను తట్టుకోలేను. నన్ను మర్చిపో," అంది.

అతను వానలోనే వెళ్ళిపోయాడు. భవాని ఆశ వదులుకుంది.

తెల్లారి ఉదయ్ బజారులో భవాని వాళ్ళ గాజుల దుకాణానికి వచ్చి, ఆమె తల్లి కళావతి ఎదుట నిలబడ్డాడు. భవానిని చేసుకుంటానన్నాడు. జోస్యం సంగతి తెలుసా అని ఆమె అడిగింది. తెలుసన్నాడు.

"మరి భయం లేదా బిడ్డా?"

"ఉంది ఆంటీ. కని భవాని లేకుంట ఎన్నేండ్లు బతికితే ఏం లాభం?"

లోపల గాజులు సర్దుతున్న భవాని చేతులు ఆగిపోయాయి. ఆ సంబంధం తప్పినప్పటి నుంచీ కూతురి పెళ్ళి మాట ఎత్తడానికే వణికిన కళావతి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతణ్ణి దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టింది.

"నూరేండ్లు బతుకు, కొడుకా."