సెంట్రింగ్ విప్పే రోజు

పొద్దున్నే ఆ ఇంట్లో కొడుకు చేతికర్ర కనబడకుండా పోయింది. మంచం కింద, తలుపు వెనక, బీరువా పక్కన... కోడలు ఇల్లు పీకి పందిరి వేసినంత పని చేసింది. మేస్త్రి మాత్రం వసారాలో తేలు కుట్టిన దొంగలా కూర్చుని చల్లారిపోయిన టీ తాగుతున్నాడు.

"మావయ్యా, కర్ర మీరేమైనా చూశారా?"

"నేనెక్కడ చూశానమ్మా! అయినా కర్ర లేకపోతే ఏం, నేను లేనూ? వాడు ఎక్కడికెళ్లాలన్నా నా భుజం ఉందిగా."

ఎనిమిది నెలలుగా కొడుకు నడక ఆ భుజం మీదే. మంచం దిగాలన్నా, గుమ్మం దాటాలన్నా మేస్త్రి చెయ్యి పడాల్సిందే. విరిగిన కాలు బాగా అతుక్కుంది, ఇక కర్రతో ఒక్కడే నడవాలని డాక్టరు చెప్పి నెల దాటింది. చెప్పేవాడికేం, ఎన్నయినా చెబుతాడు, పడితే విరిగేది ఆయన కాలా అన్నది మేస్త్రి వాదన. ఈ రోజు మాత్రం వాదనలకు వ్యవధి లేదు. వీధి చివర హార్డ్‌వేర్ షాపులో కొడుక్కి కౌంటర్ దగ్గర ఉద్యోగం దొరికింది. పది గంటలకల్లా ఒక్కడే నడిచి రాగలిగితే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని షాపాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మేస్త్రిది ముప్పై ఏళ్లుగా సెంట్రింగ్ పని. స్లాబు పోసేముందు కింద ఇనుప జాకీలు నిలబెట్టి పైన రేకులు పరిచేది ఆయనే, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని విప్పేదీ ఆయనే. ఆ ఇంగ్లీషు మాట పనిలోంచి ఇంట్లోకొచ్చి ఎప్పుడో కాపురం పెట్టేసింది. కొడుకు పాలు మానిన రోజున "వీడికి సెంట్రింగ్ విప్పేశాం" అన్నాడు. సైకిల్ వెనక చెయ్యి వదిలేసిన రోజూ అదే మాట, వాడు మొదటిసారి ఒంటరిగా బస్సెక్కిన రోజూ అదే మాట. ఎనిమిది నెలల నుంచి ఆ మాట ఆయన నోట రావడం లేదు.

తొమ్మిదిన్నరకి మేస్త్రి భార్య పెరటి షెడ్డులోంచి కర్ర పట్టుకుని వచ్చింది.

"జాకీల గుట్టలో ఉంది. దానంతటదే నడుచుకుంటూ వెళ్లుంటుంది పాపం!"

కోడలు గిరుక్కున తిరిగింది. "మీరే దాచారా మావయ్యా?"

కొడుకు గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చాడు. "ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి, పడతావు గనక! నువ్వు సంపాదిస్తే తప్ప ఇక్కడ పొయ్యి వెలగదా? ఇంకో నెల ఆగు. ఆర్నెల్లు ఆగు. నేను చచ్చేదాకా మోస్తాను, ఎవరొద్దన్నారు?"

"నేనొద్దంటున్నాను," అంది కోడలు. "ఈయన స్నానానికి లేచినా మీరే, మంచినీళ్లకి లేచినా మీరే. కట్టుకున్నదాన్ని, పక్కన నిలబడి చూడ్డమే నా పని. సెంట్రింగ్ విప్పని ఇంట్లో ఎవరైనా కాపురం ఉంటారా మావయ్యా? అడుగేద్దామంటే జాకీలే అడ్డం. ఇవాళ కూడా ఆపేశారంటే ఈయన ఇంకెప్పుడూ నడుస్తానని అడగడు. అది మీకు తెలుస్తోందా?"

"విప్పడం గురించి నాకు చెప్పకు!" మేస్త్రి ఇల్లదిరేలా అరిచాడు. "ఒకసారి తొందరపడి విప్పాను, చాలదా?"

ఇన్ని నెలల్లో ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. కట్టించే ఆసామి తొందరపెడుతున్నాడని, మూడు వారాలు ఉంచాల్సిన జాకీలను పదకొండో రోజే విప్పించాడు మేస్త్రి. స్లాబు అంచు విరిగి పడింది. కింద ఉన్నది కన్నకొడుకు.

"నా చేత్తో నేనే దాన్ని నీ మీద పడేశానురా," అంటూ మేస్త్రి భోరుమన్నాడు.

కొడుకు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "అప్పుడు తొందరపడ్డాం నాన్నా. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ వద్దనలేదు. కానీ ఇప్పుడు ఎనిమిది నెలలైంది. జాకీలున్నంత కాలం బరువు జాకీలదే, స్లాబు బలమెంతో తెలీదని నాకు చెప్పింది నువ్వే కదా."

మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. భార్య చేతిలోంచి కర్ర తీసుకుని కొడుక్కిచ్చాడు. తన చెయ్యి మాత్రం వాడి మోచేతి కింద ఉంచాడు. జాకీని ఒక్కసారిగా లాగెయ్యకూడదు. పావు తిప్పు వదులు చేసి, ఆగి, పైన ఏమైనా చప్పుడవుతోందేమో వినాలి. ఆ తర్వాతే ఇంకో పావు. వసారా మెట్టు దిగాక పట్టు సడలించాడు. వాడి కాలు వణికింది, నిలబడింది. గేటు దగ్గర వేళ్లు మాత్రం ఆనించి ఉంచాడు. గేటు దాటాక అవీ తీసేశాడు.

సగం దూరంలో కొడుకు తూలాడు. కోడలు "అయ్యో!" అంటూ పరుగెత్తబోయింది.

"ఆగమ్మా," అన్నాడు మేస్త్రి. "కాస్త ఆగు."

కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. షాపు మెట్టెక్కి, కొడుకు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. కోడలు ఏడుస్తూనే నవ్వేసింది.

"ఏమండీ, చెయ్యి దించండి ఇంక," అంది భార్య మెల్లగా.

అప్పుడు చూసుకున్నాడు మేస్త్రి. చెయ్యి ఇంకా కొడుకు మోచేతి ఎత్తులోనే ఉంది, ఖాళీగా. నెమ్మదిగా దించి రెండో చేత్తో భుజం పట్టుకున్నాడు.

"భుజం నొప్పెడుతోందే," అన్నాడు ఆశ్చర్యంగా. "ఇన్నాళ్లూ తెలీనే లేదు."